ముందుక్‌కి ఒక్క పూట చాలదమ్మా

అమ్మలూ,

బాలి ప్రయాణంలో ముందుక్ అనే కొండ ఊరికి ఒక్క పూట పెట్టుకున్నారని మీ అమ్మ చెప్పింది. వద్దమ్మా. ఎయిర్‌పోర్టు వైపు నుంచి కొండదారిలో మూడు గంటలు పడుతుంది. మీరు చేరేసరికి మధ్యాహ్నం, అప్పటికి కొండ మీదికి మబ్బు దిగుతుంది. జలపాతం దగ్గర నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. ఆ ఊరిని తెల్లవారాక, ఎండెక్కకముందు నడిచి చూడాలి. రెండు రాత్రులైనా ఉండండి. కావాలంటే బీచ్‌లో ఒక రోజు తగ్గించుకోండి.

మీరు వెళ్ళేది ఆగస్టులో కాబట్టి పెద్ద వానలుండవు, అవి నవంబరు నుంచి మార్చి దాకా. రాత్రిళ్ళు మాత్రం చలి, స్వెట్టర్లు మరిచిపోవద్దు.

ఆగస్టంటే లవంగాల కోత. ఒంటి వెదురుబొంగుకి మెట్లు బిగించి, తాళ్ళతో చెట్టుకి కట్టి, అంతెత్తుకెక్కి గుత్తులు తెంపుతారు. మొగ్గ విచ్చుకోకముందే తెంపాలి. లేతాకుపచ్చ మీద ఎరుపు తిరుగుతున్న మొగ్గల్ని ఇళ్ళ ముందూ రోడ్డు వారా పరిచి ఆరబోస్తారు. ఎండకి అవి గోధుమరంగుకి తిరుగుతుంటే వీధంతా ఘాటు. మన గుంటూరు వైపు మిరప కళ్ళంలోకి చెప్పులతో వెళ్తామా? అలాగే వాటికి ఎడంగా నడవండి. అది వాళ్ళ జీవనాధారం.

గుమ్మాల ముందు, దారి మీద కొబ్బరాకు దొన్నెల్లో పూలు పెట్టి ఉంటాయి, చనంగ్ సారి అంటారు. దేవుడికి పెట్టినవి, దాటకండి. గుడికి వెళ్తే నడుముకి లుంగీలాంటి సారోంగ్, దాని పైన పట్టీ కట్టుకోవాలి. బహిష్టు రోజుల్లో లోపలికి రావద్దని బోర్డులుంటాయి, అది వాళ్ళ ఆచారం. తంబ్లింగన్ సరస్సు దగ్గర గుడి తప్పక చూడండి. ఆ నీళ్ళలో మోటారు పడవలు తిరగవు, చెక్క పడవే. అడవిదారిన వెళ్ళాలనుకుంటే ఊళ్ళో మనిషిని గైడ్‌గా పెట్టుకోండి. దారి తప్పరు, ఆ డబ్బూ ఆ ఊరివాళ్ళకే దక్కుతుంది.

అల్లుడుగారు శాకాహారి కదా. సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే, సోయా పనీరులాంటి టోఫు, కూరలు బాగా దొరుకుతాయి, కానీ కారప్పచ్చడి సంబల్‌లో రొయ్యల ముద్ద కలుపుతారు. ఆర్డరిచ్చేటప్పుడే “తన్పా తెరాసి” అనండి, రొయ్యల ముద్ద లేకుండా అని. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే లువాక్ కాఫీ అంటూ ఆ పిల్లుల్ని బోనులో పెట్టి చూపించేచోట ఆగవద్దు, నా మాట విను. ఆ ఊరి మామూలు కాఫీయే కమ్మగా ఉంటుంది.

స్కూటర్ వద్దు. మలుపులు నిటారు, పైగా అంతర్జాతీయ లైసెన్సు కావాలి. డ్రైవరుతో కారు మాట్లాడుకోండి. జలపాతాల దగ్గర టికెట్టుకి చిల్లర రుపయాలు దగ్గరుంచుకోండి.

తేదీలు ఖాయం కాగానే నాకు పంపు. బాలి హిందువుల పెద్ద పండగ గలుంగన్ 210 రోజులకోసారి వస్తుంది. మీ రోజుల్లో పడుతుందేమో చూసి చెప్తాను, పడితే రూము ముందే పట్టుకోవాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ