కుండమార్పిడి కథ: తమ్ముడికో ఉత్తరం

బాతెల్, నవంబర్ 2025

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆఫీసుకి వెళ్తూ బస్సులో, రెండోసారి వంటింటి బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. అక్టోబర్ 20 తర్వాత పది రోజుల పాటు మా ఇంట్లో బేస్‌బాల్ మాటెత్తడం నిషేధం. టొరంటోలో ఏడో గేము, ఏడో ఇన్నింగ్స్, 3-1తో మనవాళ్లే, సియాటిల్ మారినర్సే, ముందున్నారు. టొరంటో ఆటగాడు స్ప్రింగర్ బ్యాటు ఊపాడు, ఒక్క దెబ్బకి మూడు పరుగులు, 4-3. అక్కడితో సరి. వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ గడప తొక్కని ఒకే ఒక్క జట్టుగా మారినర్స్ మళ్లీ మిగిలింది. 1977లో పుట్టిన జట్టు, ఇంకా అదే వరస. నీ కథ కూడా ఆ జట్టు గురించే అని మొదటి లైన్లోనే తెలిసిపోయింది. ఫైలు మూసేసి పప్పు పోపు పెట్టుకున్నాను.

ముందు నచ్చింది చెప్తాను, తర్వాత కోపం తెచ్చుకుందువుగాని. ట్రేడ్ అంటే ఏమిటని వాళ్లమ్మ ఫోన్లో అడిగితే నీ కుర్రాడు "కుండమార్పిడి లాంటిదే అమ్మా" అంటాడు చూడు, అక్కడ పెన్సిల్ కింద పెట్టేశాను. ఆ మాట బంగారం. వాళ్ల పిల్లని వీళ్లకిచ్చి, వీళ్ల పిల్లని వాళ్లు చేసుకుని, రెండిళ్ల పెద్దలూ లెక్క సరిపోయిందని చేతులు దులుపుకుంటారు. పిల్లల్ని అడిగినవాడు లేడు. బేస్‌బాల్ ట్రేడ్ అచ్చం అదే. కానీ అంత మాట అనేసి నువ్వు అవతలి పేరాలోనే దాన్ని మర్చిపోయావు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నీ కథలో జులై 31 మధ్యాహ్నం. రెడ్‌మండ్‌లో ఒక అపార్ట్‌మెంట్, నలుగురు స్నేహితులు, ఆ ఏడాది ట్రేడ్లకి మూడు గంటలకి గడువు. ఎవర్ని తెచ్చుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి అని వాదన. కథకి గడియారం అప్పనంగా దొరికింది, అందరికీ దొరకదు. కానీ మొదటి మూడు పేజీల్లో నువ్వు పద్దెనిమిది మంది ఆటగాళ్ల పేర్లు చెప్పావు. లెక్కపెట్టాను. ఖమ్మంలో కూర్చుని చదివే మనిషికి జాష్ నేలర్ ఎవరో తెలియదు, అతని బ్యాటింగ్ సగటుతో ఆయనకి పనీ లేదు. ఆయనకి చెప్పాల్సినవి రెండు సంగతులు. ఒకటి, ఇక్కడ జట్టు తన ఆటగాణ్ణి, ఒప్పందంలో అడ్డులేకపోతే, అడక్కుండానే ఇంకో ఊరికి పంపించేయొచ్చు. రెండు, పేరున్నవాణ్ణి ఇప్పుడు తెచ్చుకోవాలంటే ఇంకా పేరు రాని కుర్రాళ్లని ఇచ్చుకోవాలి. ఈ రెండూ తెలిస్తే వాదన అంతా అర్థమవుతుంది. నలభై మంది రోస్టరూ, జీతాల పట్టీలూ, ఎవరి మీద ఎన్నేళ్లు హక్కు మిగిలిందన్న లెక్కలూ నువ్వు తెలుసుకోవాలి. కాగితం మీదకి మాత్రం తేనక్కర్లేదు.

ఇక అసలు ఫిర్యాదు. నీ నలుగురూ టీవీలో కూర్చున్న నిపుణుల్లా మాట్లాడుతున్నారు. ఒకడు ముగించాక ఇంకొకడు మొదలుపెడతాడు. ఒకడి మాట ఇంకొకడికి గుచ్చుకోదు. అభిమానులు అలా వాదించుకోరు నాయనా. ఎవడి నెత్తి మీద వాడి పాత దెబ్బ ఉంటుంది, చెయ్యి ముందు అక్కడికే పోతుంది.

మా పక్కింటి పెద్దాయన సంగతి చెప్తాను. బోయింగ్‌లో మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. టీవీ ఉన్నా మ్యాచ్ మాత్రం గరాజ్‌లో రేడియో పెట్టుకునే వింటారు. యాపిల్ పెట్టెల నిండా స్కోరు పుస్తకాలు, ఏడాదికొకటి. 2022 జులై చివర్లో ఒక సాయంత్రం టకోమా నుంచి కొడుకు వచ్చాడు. నేను కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తూ కంచె ఇవతల నుంచి విన్నాను. సిన్సినాటి నుంచి లూయిస్ కాస్టియో అనే పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ణి) తెస్తున్నారని, బదులుగా నలుగురు కుర్రాళ్లని ఇస్తున్నారని అప్పుడే తెలిసింది. నీ కథలో ముసలాయన "నాకు టైం లేదు, ఈ ఏడాదే గెలవాలి" అంటాడు కదా. ఆ మాట వస్తుందని నేను పేజీ ముందే పసిగట్టాను, ఎవరైనా పసిగడతారు. ఆ రోజు గరాజ్‌లో జరిగింది తలకిందులు. పిల్లల్ని ఇవ్వొద్దన్నది తండ్రి. ఇచ్చెయ్యమన్నది కొడుకు.

పెద్దాయన ఏమీ వాదించలేదు. లోపలికెళ్లి 1997 పుస్తకం తెచ్చి కారు బానెట్ మీద పరిచారు. ఆ ఏడాది కూడా జులై 31నే, చివరి ఇన్నింగ్స్ కాపాడే పిచ్చర్ కావాలన్న ఆత్రంలో సియాటిల్ ఇద్దరు కుర్రాళ్లని బోస్టన్‌కి ఇచ్చి హీత్‌క్లిఫ్ స్లోకమ్‌ని తెచ్చుకుంది. ఆ ఇద్దర్లో ఒకడు జేసన్ వారిటెక్, రెండోవాడు డెరెక్ లో. 2004లో బోస్టన్ 86 ఏళ్ల కరువు తీర్చిన జట్టులో ఇద్దరూ ఉన్నారు. స్లోకమ్ పేరు రాసిన చోటల్లా ఆ పుస్తకంలో పెన్సిల్ కాగితాన్ని గీరేసి ఉంది, ఒక పేజీలో చిరిగింది కూడా. పెద్దాయన ఆ చిరుగు మీద వేలు పెట్టి కొడుకు వైపు చూశారు.

కొడుకు అన్నాడు: "నాన్నా, మన జట్టు ప్లేఆఫ్స్ ఆడితే చూసినప్పుడు నాకు పదేళ్లు. ఇప్పుడు నాకే కొడుకు పుట్టాడు."

అంతే. తర్వాత రేడియో చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. 2001లో ఆ జట్టు 116 మ్యాచ్‌లు గెలిచింది, ఆ తర్వాత ఇరవయ్యేళ్లు దాటినా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. కాస్టియో వచ్చాడు. సెప్టెంబర్ 30 రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్యాల్ రాలీ కొట్టిన హోమ్‌రన్‌తో కరువు తీరింది, వీధిలో కారు హారన్లు మోగాయి. మర్నాడు పొద్దున పెద్దాయన గరాజ్ తలుపు ఎత్తుతుంటే శుభాకాంక్షలు చెప్పాను. సంతోషంగానే నవ్వారు. తలుపు పూర్తిగా పైకెత్తాక, "ఆ పిల్లల్లో ఒకడికి ఇరవై, ఇంకొకడికి పంతొమ్మిది" అన్నారు.

చూశావా, గొడవ పిచ్చర్ గురించి మొదలైంది, తండ్రీకొడుకులు మాట్లాడుకున్నది మాత్రం ఎవరికి ఎన్నేళ్లు పోయాయన్న దాని గురించి. నీ నలుగురికీ పేర్లూ ఉద్యోగాలూ ఇచ్చావు, బిర్యానీ ఎవరు తెచ్చారో కూడా చెప్పావు. ఎవడికి ఏ ఏడాది విరిగిందో చెప్పలేదు. అది దొరికేదాకా డైలాగులు ముట్టుకోకు.

ఇప్పుడు కుండమార్పిడికి వద్దాం. అంత మాట అన్నాక, వెళ్లిపోతున్నవాడు ఒక్కసారైనా కథలోకి రావాలి కదా. 2012 జులై 23న మేం స్టేడియంలో ఉన్నాం, మా పెద్దవాడు అప్పుడు చిన్నవాడు. ప్రత్యర్థి యాంకీస్. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు మన స్టార్ ఆటగాడు ఇచిరోని అదే యాంకీస్‌కి ట్రేడ్ చేశారు. పదకొండు సీజన్లు దాటిపోయి పన్నెండోది నడుస్తోంది ఆయనకి ఆ ఊళ్లో. విమానం ఎక్కే పని లేదు, మైదానానికి ఈ పక్క గదిలోంచి ఆ పక్క గదిలోకి మారాడు. వీపు మీద 51 ఉండాల్సిన చోట 31. మొదటిసారి బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు జనమంతా లేచి నిలబడ్డారు, ఆయన హెల్మెట్ తీసి వంగి నమస్కరించాడు. తర్వాత సింగిల్ కొట్టాడు. మావాడు నన్ను అడిగాడు, "ఇప్పుడు చప్పట్లు కొట్టాలా వద్దా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదనుకో. ఆ ప్రశ్న నా కథలోకి ఎన్నిసార్లు తెద్దామన్నా కుదరలేదు, నీకు పనికొస్తే తీసుకో.

ఇంకా విచిత్రం 2021లో జరిగింది. జులై 26న ఏబ్రహామ్ టోరో అనే కుర్రాడు హ్యూస్టన్ తరఫున మన మీద హోమ్‌రన్ కొట్టాడు. మర్నాడు అతన్ని మనకి ఇచ్చేశారు. ఆ రాత్రే, అదే మైదానంలో, మన చొక్కా వేసుకుని హ్యూస్టన్ మీద హోమ్‌రన్ కొట్టాడు. ఇది కథలో రాస్తే ఏ సంపాదకుడైనా "నమ్మశక్యంగా లేదు" అని తిప్పిపంపిస్తాడు. అదే ట్రేడ్‌లో మన దగ్గర్నుంచి వెళ్లిన గ్రేవ్‌మన్ అనే పిచ్చర్ కోసం మనవాళ్ల డ్రెస్సింగ్ రూమ్‌లో కోపాలూ బాధలూ పడ్డారని పేపర్లలో వచ్చింది.

అడక్కుండా పంపడాన్ని ఎదిరించినవాడూ ఉన్నాడు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే, నేను అమ్ముకునే సరుకుని కానని బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాసి వెళ్లనన్నాడు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయింది. ఆటగాడిగా అతని బతుకు దాంతోనే ముగిసిపోయిందనుకో. తర్వాత వచ్చిన నిబంధన ప్రకారం పదేళ్ల అనుభవం, అందులో చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో ఉంటే ట్రేడ్‌ని కాదనొచ్చు. నీ కథలో ఫ్లడ్ పేరు పెట్టమనడం లేదు. వీసా కాగితాల కోసం కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయిన నలుగురు కుర్రాళ్లు, ఇంకో మనిషిని ఎక్కడికి పంపాలా అని మధ్యాహ్నమంతా నవ్వుతూ తేల్చేస్తున్నారు. ఆ సంగతి వాళ్లకి తట్టకపోయినా ఫర్వాలేదు, రాస్తున్న నీకు తట్టాలి. తట్టాక పైకి అనకు.

ముగింపు మార్చాల్సిందే. తెచ్చిన ఆటగాడు హోమ్‌రన్ కొడితే, వద్దన్నవాడు తప్పు ఒప్పుకుని బిర్యానీ బాకీ తీర్చడం! ట్రేడ్ తగువు అలా తెగదు. యుహేనియో స్వారెజ్‌నే తీసుకో. 2023లో 214 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే బంతిని ఆడలేకే వెనుదిరిగాడు. ఆ నవంబర్లో అరిజోనాకి పంపేస్తే, పీడా పోయిందన్నవాళ్లూ ఉన్నారు, ఆ నవ్వు మొహం లేకపోతే జట్టేమిటన్నవాళ్లూ ఉన్నారు. ఈ జులైలో మళ్లీ తెచ్చుకున్నాం, ముగ్గురు కుర్రాళ్లని ఇచ్చి. వచ్చాక రెండు నెలలు సగటు .200 కూడా దాటలేదు, తెచ్చినవాళ్లని తిట్టనివాడు లేడు. అక్టోబర్ 17న టొరంటో మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టాడు, తిట్టినవాళ్లే వీధుల్లో అరిచారు. మూడు రోజులకి అంతా ముగిసింది. ఇప్పుడు చెప్పు, ఆ ట్రేడ్ మంచిదా చెడ్డదా? అడిగిన తారీకుని బట్టి జవాబు. నీ కథ మూడు గంటలకి ఒక నిమిషం ముందు ఆగిపోతే ఎలా ఉంటుందో ఒకసారి రాసి చూడు.

భాష గురించి కొంచెం. "ఇది మన ఐపీఎల్ వేలం లాంటిది" అన్న వాక్యం కొట్టేశాను. వేలంలో డబ్బు పలుకుతుంది, ఇక్కడ మనిషికి మనిషి. హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వచ్చినప్పుడు జనం ఎలా గోల చేశారో ఒక పాత్రకి గుర్తొస్తే రానీ, అది న్యాయమే. రచయితగా నువ్వు మాత్రం ఆ చేతికర్ర పట్టుకోకు. ట్రేడ్‌ని ట్రేడ్ అనే రాయి, పిచ్చర్‌ని పిచ్చర్ అనే. "విసురుగాడు" ఏమిట్రా, నాకు నవ్వాగలేదు. అమెరికన్ పాత్ర చేత తెలుగు మాట్లాడించడం తప్పదు కానీ, మా పెద్దాయన నోట "ఓరి దేవుడో" రాదు. పొడి మాటలు, చిన్న వాక్యాలు, మధ్యలో మౌనం. అక్కడి కోపం అలాగే ఉంటుంది. పేర్లతో ఒక చిక్కుంది, దానికి నాకూ దారి దొరకలేదు: డెరెక్ లో అని రాస్తే మన పాఠకుడు "డెరెక్‌లో ఏముంది?" అనుకుంటాడు.

ఒక పని చెయ్యి. ఏప్రిల్లో ఎవరెట్ వెళ్లు. అక్కడ చిన్న జట్టు ఆడుతుంది, టికెట్ చవక, బంతి గ్లవ్‌లో పడిన చప్పుడు కూడా వినిపించేంత దగ్గర. ఇరవై దాటీ దాటని పిల్లలు. రేపు ట్రేడ్‌లో చిల్లర లెక్క కింద పోయేది వాళ్లే. పుస్తకం తీసుకెళ్లకు, ఊరికే కూర్చుని వెనక వరస వాళ్ల మాటలు విను. ఈలోగా చలికాలం తగువులు ఎలాగూ ఉంటాయి. వీటికి ఇక్కడ హాట్ స్టవ్ అని పేరు, పూర్వం కొట్లలో పొయ్యి చుట్టూ చేరి మాట్లాడుకునేవారట. మన నెగడు దగ్గర కబుర్లనుకో. మా పెద్దాయన గరాజ్‌లో హీటర్ పెట్టారు, శనివారం వస్తే పరిచయం చేస్తాను. స్లోకమ్ మాట మాత్రం నువ్వుగా ఎత్తకు.

రెండో ప్రతి సంక్రాంతిలోగా పంపు. ఆ డెరెక్ పేరు ఏం చేశావో ముందు అదే చూస్తాను.

ప్రేమతో,
అక్క