సముద్రంలో శబ్దం చదువుతానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. నీటి అడుగున శబ్దం మీద ఎంటెక్ చేస్తానంటోంది. డేటా సైన్స్ చేయమంటే వినడం లేదు. ఏది మేలు? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఉద్యోగం రాదేమోనన్నది మీ అసలు భయం. అలా జరగదు. ఆమె నేర్చేది సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే కలగలిసి వచ్చే తరంగాల నుంచి కావలసిన సమాచారాన్ని వేరు చేసే విద్య. సోనార్ (శబ్దంతో నీటి అడుగున వస్తువులను పసిగట్టే పరికరం) కొలువు దొరకకపోయినా రాడార్, టెలికాం, వైద్య స్కానింగ్ యంత్రాల తయారీ సంస్థలకు ఆ విద్యే కావాలి.

ఆమెను పట్టుకున్న సమస్య చిన్నది కాదు. లోతు తక్కువ సముద్రంలో శబ్దం నీటి పైతలానికీ అడుగు నేలకూ తగిలి, ఒకే కేక పది ముక్కలై ఒకదాని వెనుక ఒకటి చేరుతుంది. 1996లో ఇటలీ తీరం దగ్గర అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన విలియం కూపర్‌మన్ బృందం, నాటో పరిశోధన కేంద్రంతో కలిసి ఒక ప్రయోగం చేసింది. ఆరు కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చిన ఆ కలగాపులగాన్ని నిలువుగా దింపిన హైడ్రోఫోన్ల (నీటిలో పనిచేసే మైకుల) వరుసతో పట్టి, చివరి నుంచి మొదటికి తిప్పి, మళ్లీ నీటిలోకి వదిలారు. శబ్దం బయలుదేరిన చోటికే తిరిగి వెళ్లి కూడుకుంది! అడ్డుపడిన ప్రతిధ్వనులే దారి చూపాయి. అయితే ఈలోగా సముద్రం మారిపోకూడదు. ఎండకు పైనీరు వేడెక్కినా, అలలు రేగినా గురి చెదురుతుంది. అసలు పని అక్కడే మిగిలి ఉంది.

ఇక డేటా సైన్స్. గట్టి గణితంతో చదివితే మంచి విద్యే. కానీ ఆరు నెలల కోర్సుల సర్టిఫికెట్లు పట్టుకుని ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్న పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. సాధనం మారగానే వారి చదువు పాతబడుతోంది. అందరూ ఎక్కుతున్నారని మీ బిడ్డనూ అదే బస్సు ఎక్కిస్తారా? బంధువులకు ఒక్క మాటలో చెప్పుకోలేని చదువన్న మీ బెంగను ఆమె నెత్తిన పెట్టకండి. మూడేళ్లుగా ఏం చదువుతోందో ఒక్కసారైనా కూర్చుని విన్నారా?

ఇబ్బందీ చెబుతాను. మన దేశంలో ఈ పని ఎక్కువగా ప్రభుత్వ సంస్థల్లోనే ఉంది: కొచ్చిలో నౌకాదళ పరిశోధనలు చేసే ఎన్‌పీఓఎల్, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, మీకు దగ్గరలోనే విశాఖలో మరో నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్. ఖాళీలు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఆడపిల్ల ఓడల మీద బతకాలేమో అని హడలిపోకండి, పనిలో చాలా భాగం ప్రయోగశాలలో, కంప్యూటర్ ముందే.

ఈ వేసవిలో వంద మీటర్ల లోతు సముద్రాన్ని కంప్యూటర్‌లో కట్టి, శబ్దాన్ని తిప్పి పంపి చూడమనండి. రోజుల తరబడి దాన్ని వదలకపోతే ఎంటెక్ దరఖాస్తు నింపించండి. విసుగొచ్చి లేచిపోతే, అప్పుడు డేటా సైన్స్ మాట ఎత్తండి.