చాబి చేతికిచ్చే ముందు

తమ్ముడూ,

పిల్లగానికి ఇంజనీరింగ్ సీటు వచ్చిన ముచ్చట, దసరాకు కొత్త కారు తీసుకుందామని నువ్వు అనుకుంటున్న ముచ్చట రెండూ మరదలు ఫోన్‌లో చెప్పింది. వాడు పట్టుబట్టింది ఒకటిన్నర లీటర్ టర్బో పెట్రోల్ బండి కోసమని కూడ తెలిసింది. బండే కొనొద్దని నేను రాస్తలేను. కొత్త బండి వేరు, జోరు బండి వేరు. కొత్తది ఇవ్వు, జోరుది ఇవ్వకు.

మన దగ్గర చాలమంది దీన్ని తలకిందులు చేస్తరు. "నేర్చుకునేదాకా డొక్కు బండి చాలు, గీతలు పడ్డా బాధ లేదు" అని పదిహేనేండ్ల కింది బండి చేతిలో పెడతరు. దాంట్లో గట్టిగ బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకపోకుండ చూసే ఏబీఎస్ ఉండదు, ఎయిర్‌బ్యాగ్ ఉండదు. ఎక్కువ తప్పులు చేసే రెండేండ్లే వాణ్ని కాపాడే సామాన్లు లేని బండిలో తిప్పినట్టు అవుతది. సెకండ్ హ్యాండ్ అయినా సరే, 2019 జులై తర్వాత తయారైంది చూడు. అప్పటినుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, బెల్టు పెట్టుకోకుంటే మోగే అలారం, 80 దాటితే మోగే స్పీడ్ అలారం తప్పనిసరి. కొత్తదైతే ఈఎస్‌సీ ఉన్న వేరియంటే తీసుకో, కొన్ని కంపెనీలు దాన్నే ఈఎస్‌పీ అంటయి. బండి జారినప్పుడు అది ఒక్కో చక్రానికి వేరువేరుగ బ్రేక్ వేసి బండిని దారిలోకి తెస్తది. సన్‌రూఫ్‌కు పెట్టే పైసలు ఈఎస్‌సీకి, ఆరు ఎయిర్‌బ్యాగులకు పెట్టు. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నయి, బండిని గుద్దించి చూసి భద్రతకు చుక్కలు (స్టార్లు) ఇస్తరు. ఎన్ని చుక్కలు వచ్చినయో షోరూమ్‌వాళ్ల నోటిమాట మీద నమ్మకు, నువ్వు కొనే మోడల్‌కే వచ్చినయా లేదా చూసుకో.

ఇగ జోరు సంగతి. మామూలు 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్ 80 నుంచి 90 హార్స్‌పవర్ ఇస్తది. సున్నా నుంచి వందకు పోవడానికి పన్నెండు, పదమూడు సెకన్లు తీసుకుంటది. వాడు అడిగిన టర్బో 160 దాక ఇస్తది, తొమ్మిది సెకన్లు అటూ ఇటూగ వంద దాటుతది. నాలుగు సెకన్లే కద అనిపిస్తది, కాని చిక్కంత ఆ గుంజుడులో ఉన్నది. టర్బో పట్టుకునేదాకా బండి మెత్తగ ఉంటది, ఇంజన్ నిమిషానికి 1500 నుంచి 1800 చుట్లు (ఆర్‌పీఎం) దాటంగనే ఒక్కసారి ముంగటికి ఉరుకుతది. ఎంత తొక్కితే ఎంత పోతదో కొత్త కాలుకు లెక్క దొరకదు. పైగ అద్దాలు ఎక్కించి ఏసీ పెడితే లోపల సప్పుడే ఉండదు, వంద మీద పోతున్నా అరవై లెక్కనే అనిపిస్తది. మీటర్ చూడకుండ వేగం పసిగట్టుడు రెండు మూడేండ్లకు గాని రాదు. కరెంటు బండి అయితే ఇంకా జాగ్రత్త, దాంట్లో కాలు పెట్టిన క్షణమే పూర్తి బలం వస్తది.

వేగం రెండింతలైతే తగిలే దెబ్బ నాలుగింతలు. ఎండిన రోడ్డు, మంచి టైర్లు, ఒక్క సెకన్‌లో కాలు బ్రేక్ మీదికి వచ్చింది అనుకుందాం. 60లో ఉన్న బండి ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలె. 100లో 83, 120లో 112. ఫోన్ చూస్తూ ఉంటే ఆ ఒక్క సెకన్ రెండవుతది, 120లో ఇంకో 33 మీటర్లు కలుపుకో. నకిరేకల్ దగ్గర డివైడర్ సందులోంచి ఒక ముసలాయన టీవీఎస్ మీద అడ్డం వస్తే, ఈ లెక్కే ఆయన బతుకు. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగమే 100, మామూలు రోడ్ల మీద 70. బోర్డు ఇంకా తక్కువ చెప్తే అదే లెక్క. 70 మీద పోవాల్సిన చోటికి 160 హార్స్‌పవర్ ఎందుకో వాణ్నే అడుగు.

దసరా అన్నవు, వానికి పద్దెనిమిది నిండేది నవంబర్‌లో. ఈ నెల తేడాను చిన్నగ చూడకు. 16 ఏండ్లకు దొరికేది గేర్లు లేని, 50 సీసీ లోపు బండి లైసెన్సే. కారుకు లర్నింగ్ లైసెన్స్ కూడ 18 నిండనిదే ఇవ్వరు. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి 199ఏ సెక్షన్ వచ్చింది. మైనర్ నడిపి నేరమైతే బాధ్యత తండ్రిది లేదా బండి ఓనర్‌ది. మూడేండ్ల దాక జైలు, 25 వేల జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లగానికి 25 ఏండ్లు నిండేదాకా లైసెన్స్ లేదు. "నాకు తెల్వకుండ తీసుకపోయిండు" అని ఊరికె అంటే కుదరదు. నీ ఒప్పుదలతోనే తీసుకపోయిండని కోర్టు ముందే అనుకుంటది, కాదని రుజువు చేసుకోవాల్సింది నువ్వే. అందుకే డెలివరీ సంక్రాంతికి పెట్టుకో. దసరాకు బండి వచ్చి వాకిట్లో నిలబడితే, నవంబర్ దాక చాబి దాచుడు నీతోని గాని మరదలుతోని గాని కాదు.

నవంబర్‌లో లర్నింగ్ తీసినంక 30 రోజులకే టెస్టుకు పోవచ్చు. పోనియ్యకు. అది ఆరు నెలలు చెల్లుతది, అందులో ఐదు నెలలు నేర్చుకునుడుకే వాడు. ఆర్టీవో ట్రాక్ మీద హెచ్ తిప్పుడు బండి మలుపుకునే పరీక్షే. రాత్రి పూట ఎదురు లైట్లు, వాన, ఓవర్‌టేక్ అక్కడ ఉండయి. ముంగటా ఎనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ పెట్టుడు, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూసునుడు చట్టంలోనే ఉన్నది. ఆ మనిషి నువ్వే కా, వాని దోస్తును కూసోబెట్టకు.

ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక ఉన్నది, ఏజెంట్లు దాన్ని తొందరగ చెప్పరు. ఆర్సీ నీ పేరు మీద ఉంటే, పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఓనర్ డ్రైవర్‌వైన నీకే. నడిపేది పిల్లగాడైతే వానికి అది రాదు. కాబట్టి వాని పేరు మీద విడిగ ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ, బండిలో కూసునేవాళ్లకు ప్యాసింజర్ కవర్ రెండూ తీసుకో. లైసెన్స్ లేకుండ నడిపినప్పుడు గుద్దితే నీ బండి రిపేరుకు రూపాయి రాదు. ఎదుటివాళ్లకు కోర్టు వేసిన పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా, తర్వాత నీ దగ్గర వసూలు చేస్తది. ఎకరాలు అమ్మి కట్టినోళ్లు మన వైపు లేకపోలేదు.

ఇప్పుడు నేర్పుడు. మొదటి రెండు వారాలు రోడ్డు వద్దు. ఇండ్లు లేని వెంచర్ల రోడ్లు మిర్యాలగూడ చుట్టూ మస్తు ఉన్నయి, పొద్దున ఆరింటికి అక్కడికి తీసుకపో. ముందు సీటు సరిచెయ్యి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలె, బ్రేక్ పూర్తిగ తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలె. మన పిల్లలు సీటు ఎనకకు పండబెట్టి ఒంటి చేత్తో నడుపుతరు, అట్ల కూసుంటే పూర్తి బలంతో బ్రేక్ తొక్కుడు కాదు. కాళ్ల కాడ నీళ్ల సీసా పెట్టనియ్యకు, దొర్లి బ్రేక్ కింద పడుతది. కొక్కెం లేని మ్యాట్ కూడ జరిగి యాక్సిలరేటర్‌కు తట్టుకుంటది. చెప్పులు కాదు, బూట్లు.

అన్నిటికన్న ముఖ్యం బ్రేక్ సాధన. దారి పక్కన ఒక రాయి పెట్టు. 40లో వచ్చి రాయి దగ్గరికి రాంగనే బ్రేక్ ఉన్నంత బలంగ తొక్కి పట్టుమను. ఏబీఎస్ పనిచేసేటప్పుడు కాలు కింద టకటక కొట్టుకుంటది. కొత్తోళ్లు ఏదో విరిగిందని భయపడి కాలు తీస్తరు, ప్రమాదం అక్కడనే అయితది. తీయొద్దు, బండి ఆగేదాకా తొక్కే ఉండాలె. ఆగినంక రాయి దాక అంగలేసి లెక్కపెట్టమను, సుమారు తొమ్మిది మీటర్లు వస్తది. అదే 60లో చెయ్యమను, ఇరవై దాటుతది. నువ్వు గంట సేపు చెప్పినా ఎక్కని లెక్క, వాని కాళ్లతో కొలిస్తే ఎక్కుతది. ఆ తర్వాత తొక్కుతూనే స్టీరింగ్ కొంచెం తిప్పి పక్కకు తప్పించుడు నేర్పు, ఏబీఎస్ ఉన్నదే అందుకు. వాన పడ్డ తెల్లారి మళ్లీ ఇదే చేయించు.

రెండోది అంచు దిగుడు. మన పల్లె రోడ్లకు తారు అంచు నుంచి మట్టి జానెడు లోతు ఉంటది. ఎదురు లారీకి జరగంగ ఎడమ చక్రాలు మట్టిలోకి దిగుతయి. కొత్తోడు భయపడి కుడికి గుంజుతడు. చక్రం తారు అంచుకు రాసుకుంట రాసుకుంట ఒక్కసారి పైకెక్కి, బండి ఎదురు లైనులోకి పడుతది, లేకుంటే పల్టీ కొడతది. జీపు తీరు ఎత్తు బండ్లు ఇంకా తొందరగ పల్టీ కొడతయి. చెయ్యాల్సింది ఏందంటే, స్టీరింగ్ గట్టిగ పట్టి నేరుగ పోనిచ్చుడు, యాక్సిలరేటర్ వదిలి వేగం ముప్ఫైకి రానిచ్చుడు, అంచు తక్కువున్న చోట మెల్లగ ఎక్కుడు. దీన్ని ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు చేయించు.

సింగిల్ రోడ్డు మీద ఓవర్‌టేక్ లెక్క కూడ చెప్పు. నల్లగొండ–దేవరకొండ దారిలో ముంగట లారీ 60 మీద పోతుంది, మనవాడు 80 మీద దాటుతడు. దాని ఎనక నుంచి ముందుకు వచ్చి క్షేమంగ చేరడానికి 50 మీటర్లు ఎక్కువ పోవాలె. తొమ్మిది సెకన్లు పడుతది, ఆలోపు మన బండి 200 మీటర్లు పోతది. ఎదురుగ వచ్చేది కూడ 80లో ఉంటే అదీ 200 వస్తది. అంటే 400 మీటర్లు ఖాళీ కనబడాలె. జోరు బండి ఈ సమయాన్ని తగ్గిస్తది, అబద్ధం ఎందుకు. కాని 400 కావాల్సిన చోట 250తో దూకే ధైర్యాన్ని కూడ అదే ఇస్తది.

రాత్రి నడుపుడు మొదటి ఏడాది ఏడు దాటినంక వద్దంటే వద్దు. వరి కోతల కాలంలో హార్వెస్టర్లు లైట్లు లేకుండ రోడ్డెక్కుతయి. వడ్లు సగం రోడ్డు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతరు, రాశి మీద నల్ల పట్టా కప్పుతరు, చీకట్లో అది రోడ్డు రంగులో కలిసిపోతది. పత్తి ట్రాలీలు రెండు దిక్కులా పొంగి ఉంటయి, వెనక రిఫ్లెక్టర్ పత్తి కింద మూసుకపోతది. మిల్లుల కాడ లారీలు రోడ్డు మీదనే నిలుపుతరు. పాలమూరు దిక్కు పోతే వీటికి గొర్ల మందలు తోడు. ఎదురు బండి హై బీమ్ వేస్తే లైటు దిక్కు చూడొద్దు, ఎడమ అంచు తెల్ల గీత పట్టుకుని పోవాలె.

దోస్తుల ముచ్చట. కొత్త డ్రైవర్ పక్కన అదే వయసోళ్లు ఎంతమంది ఎక్కితే ప్రమాదం అంత పెరుగుతది. న్యూజిలాండ్‌లో 1987 నుంచే కొత్త లైసెన్స్ వాళ్లకు రాత్రి 10 నుంచి పొద్దున 5 దాక ఒంటరి నడుపుడు బంద్, పక్కన అనుభవం ఉన్న డ్రైవర్ లేనిదే ఎవర్నీ ఎక్కించుకోవద్దు. మన చట్టంలో అది లేదు కాబట్టి ఆ రూలు నువ్వు పెట్టు. మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్లే, తర్వాత ఒక్క దోస్తు. బండి రాంగనే వీళ్ల మొదటి ప్లాన్ శ్రీశైలం ఉంటది చూడు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాక మూస్తరు, గేటు పడేలోపు చేరాలని తరుముకుంట పోతరు. ఘాట్‌లో దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలె, బ్రేక్ తొక్కే ఉంటే కాలిన వాసన వచ్చి పెడల్ మెత్తబడుతది. అట్లైతే పక్కకు ఆపి చల్లారనియ్యాలె, వేడి డిస్క్ మీద నీళ్లు పొయ్యొద్దు. ఇది రెండో ఏడాది ముచ్చట.

టైర్ల గాలి నెలకు రెండుసార్లు పొద్దున చల్లగున్నప్పుడు చూడమను. ఎంత పెట్టాల్నో డ్రైవర్ డోర్ లోపలి స్టిక్కర్ మీద ఉంటది.

చాల కొత్త బండ్లలో ఫోన్ యాప్ వస్తది, వేగం ఫలానా దాటితే నీకు మెసేజ్ వచ్చేటట్టు పెట్టుకోవచ్చు. 90కి పెట్టు. వానికి చెప్పే పెట్టు, దొంగతనంగ వద్దు. దాచిపెట్టినవని తర్వాత తెలిస్తే దోస్తు బండి నడుపుతడు. గేర్ల బండే తీసుకో, రెండు చేతులకు పని ఉంటే ఫోన్ మీదికి చెయ్యి తక్కువ పోతది.

బుకింగ్ ఇంకా కాలేదన్నరు కాబట్టి, ఈ ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కు పోయేటప్పుడు వాణ్ని కూడ తీసుకపో. నువ్వు నడుపు, వాణ్ని ఎనక సీట్లో బెల్టు పెట్టి కూసోబెట్టు. ముందు 1.2 బండి, తర్వాత ఆ టర్బో, రెండింటినీ 60లో బ్రేక్ వేసి చూపించు. ఎనక ఎవరూ రాని చోట చెయ్యి, షోరూమ్ పిల్లగానికి ముందే చెప్పు.

నీ అన్న
నల్లగొండ