జాబితాను చివరి నుంచి నడిపేటప్పుడు

టంగుటూరు

చిరంజీవి నాయనా,

నీ పైథాన్ ప్రోగ్రాం వేలం లెక్కల్లోంచి నోబిడ్ బేళ్లను, అంటే ఎవరూ పాడక ధర 0గా ఉన్నవాటిని, తీసేస్తున్నా కొన్ని మిగిలిపోతున్నాయని రాశావు. డేటాలో తప్పు లేదు. జాబితాను ముందు నుంచి నడుపుతూ తీసెయ్యడంలో ఉంది. కిలో ధరలు 240, 0, 0, 235 అనుకో. ఇండెక్స్ అంటే 0 నుంచి లెక్కపెట్టే వరస నంబరు. ఇండెక్స్ 1లోని సున్నాను తీసెయ్యగానే పక్కనున్న సున్నా 1లోకి జరుగుతుంది. లూప్ మాత్రం 2కు పోతుంది, దాన్ని చూడనే చూడదు. చివరి నుంచి వస్తే చోటు మారేవన్నీ అప్పటికే చూసేసినవి, అందుకని ఏదీ తప్పిపోదు.

ఒక చిన్న ఫంక్షన్ రాసి అన్నిచోట్లా దాన్నే వాడు. లోపల ఫర్ లూప్, వరసగా అంకెలిచ్చే రేంజ్‌కు మూడు విలువలు: పొడవులోంచి 1 తీసేసినది, మైనస్ 1, మళ్లీ మైనస్ 1. బయల్దేరే చోటు, ఆగే చోటు, అడుగు అన్నమాట. ఆగే చోటును రేంజ్ తాకదు. అక్కడ 0 ఇచ్చావో, మొదటి బేలు లెక్కలోకే రాదు. చాలామంది జారేది ఇక్కడే. ఒక్కొక్కటిగా బయటికిచ్చే ఈల్డ్‌తో ఇండెక్స్‌నూ విలువనూ జంటగా ఇవ్వు. వాడే చోట విలువ సున్నా అయితే ఆ ఇండెక్స్‌ను డెల్ చెయ్యి, అంటే జాబితాలోంచి తీసెయ్యి. ఆ ఒక్కదాన్నే సుమా, అంతకంటే ముందున్నదాన్ని తీస్తే మళ్లీ వరస తప్పుతుంది.

తీసే పని లేకుండా ఊరికే చదవాలంటే జాబితాను చివరి నుంచి ఇచ్చే రివర్స్‌డ్ చాలు, అది పైథాన్ 2.4 నుంచీ ఉంది. అది కాపీ చెయ్యదు. కానీ ఒకసారి నడిచాక ఖాళీ, మళ్లీ కావాలంటే మళ్లీ పిలవాలి. ఈల్డ్‌తో ఒక్కొక్కటే ఇచ్చే జెనరేటర్‌ను దానికి ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది, ముందు లిస్ట్‌గా మార్చు. అన్నిటికంటే ప్రమాదం రివర్స్‌డ్‌ను వరస నంబర్లు వేసే ఎన్యూమరేట్‌లో పెట్టడం. విలువలు చివరి నుంచి వస్తాయి గానీ నంబర్లు 0 నుంచే మొదలవుతాయి. ఆ నంబరుతో డెల్ చేస్తే వేరే రైతు బేలు పోవచ్చు, చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. ఆయన డబ్బు లెక్క తప్పుతుంది నాయనా, ఇది మాత్రం మరిచిపోవద్దు.

బేళ్లు వేలల్లో ఉండి వడపోత ఒక్కటే పనైతే తీసెయ్యడం మానేసి, సున్నా కానివాటితో కొత్త జాబితా కట్టు. ప్రతి డెల్‌కూ వెనకున్నవన్నీ జరగాలి కదా, కొత్తది కట్టడమే నయం.

రాశాక ఖాళీ జాబితా, ఒకే బేలు, అన్నీ సున్నాలు, మొదటిదీ చివరిదీ సున్నా, ఈ నాలుగూ పెట్టి చూడు. ఏమొచ్చిందో రాయి.

మీ పెదనాన్న