పల్చటి కాగితం మీద సైనోటైప్: కడిగేటప్పుడు

అమ్మలూ,

కోజో అనే జపాను కాగితం మీద సైనోటైప్, అదే ఎండతో నీలం బొమ్మలు అచ్చువేసే పని, మొదలుపెట్టావట. చదరపు మీటరుకు 20 గ్రాములు కూడా తూగని రకం తెచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. రసాయనం పూయడం, ఎండలో పెట్టడం నీకు వచ్చిన పనులే. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త కనిపెట్టినప్పటి నుంచీ దీనికి ఫిక్సర్ (ఫోటో చెరగకుండా నిలిపే రసాయనం) అక్కర్లేదు, నీళ్ళే చాలు. చినిగేదీ ఆ నీళ్ళ దగ్గరే.

తడిసిన కాగితాన్ని ఉత్తగా ఎప్పుడూ ఎత్తకు. ట్రేలో ముందే ఓహెచ్‌పీ షీట్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్) పరిచి, దాని మీదికి కాగితాన్ని దించు. ఎత్తాలన్నా జరపాలన్నా షీట్‌నే పట్టుకో. నెగటివ్‌లు ప్రింట్ చేసే ఇంక్‌జెట్ షీట్ మాత్రం వద్దు, నీళ్ళు తగిలితే దాని పూత జిగురెక్కుతుంది. జిరాక్స్ షాపులో దొరికే మామూలు రకం తెచ్చుకో.

కుళాయి ధార కాగితం మీద పడనివ్వకు. మగ్గుతో ట్రే మూలన పొయ్యి. ఒంపేటప్పుడు షీట్ అంచుని బొటనవేలితో ట్రేకి అదిమి పట్టు, లేకపోతే అంతా జారి సింకులో పడుతుంది. మీవి బోరు నీళ్ళు కదా, మొదటి కడుగులో చిటికెడు నిమ్మ ఉప్పు వెయ్యి. క్షారం తగిలితే నీలం పాలిపోతుంది. కాగితం మీద మిగిలిన రసాయనం పసుపు రంగు పోయిందంటే కడగడం అయినట్టే, ఇంకా నానబెట్టకు.

ఒక్కోసారి మూల మడతపడి అతుక్కుపోతుంది. గోటితో గీకాలనిపిస్తుంది చూడు, అప్పుడు చెయ్యి తీసెయ్యి. ఇంకో మగ్గు నీళ్ళు పోసి, కాగితం తేలాక ట్రేని మెల్లగా ఊపు. మడతలోకి నీళ్ళు చేరితే దానంతటదే విచ్చుకుంటుంది. అప్పటికీ మొండికేస్తే మెత్తటి వాటర్‌కలర్ బ్రష్‌తో మడత కిందికి నీళ్ళు తొయ్యి. బ్రష్ కాగితానికి తగలక్కర్లేదు.

ఆరబెట్టే ముందు షీట్‌ని ఏటవాలుగా పట్టి నీళ్ళు ఓడ్చు. బ్లాటింగ్ పేపరు మీద బోర్లించి, ఒక మూల నుంచి షీట్‌ని వెనక్కి వంచుతూ ఒలిచెయ్యి. షీట్ మీంచి కాగితాన్ని లాగితే చినుగుతుంది, కాగితం మీంచి షీట్‌ని తీస్తే చినగదు. ఫ్యాను ఆపడం మర్చిపోకు. నీలం వెంటనే చిక్కబడాలని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచేవాళ్ళున్నారు. ఒకరోజు గాలికి వదిలేసినా చిక్కబడుతుంది, దానికోసం మళ్ళీ తడపడం దేనికి?

గాంపి అనే ఇంకో రకం జపాను కాగితం జోలికి ఇప్పుడే పోకు. తడిస్తే అది పడే ముడతలు ఒక పట్టాన పోవు. కోజో చేతికి అలవాటయ్యాక చూద్దాం.

మీ పెదనాన్న