రెండు గేదెలతో పాడి పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా?

ఉద్యోగం మానేసి ఊళ్లో రెండు గేదెలతో మొదలుపెడదామనుకుంటున్నాను, కష్టాలేముంటాయని అడిగారు. మాది పల్నాడులో చిన్న ఊరు. ఆరేళ్లుగా అమ్మా నేనూ రెండు ముర్రా జాతి గేదెలు మేపుతున్నాం. ఇద్దరం కలిసి ఒక పెళ్లికి వెళ్లి కూడా ఆరేళ్లయింది లెండి.

అందరూ పాల రేటే అడుగుతారు. నన్నడిగితే అసలు దెబ్బ గేదె వట్టిపోయి పాలివ్వని నెలల్లోనే. మా పెద్ద గేదె ఈనిన 5 నెలలకు గానీ మళ్లీ చూడి (గర్భం) కట్టలేదు. చూడి మోసేది 10 నెలలు. పాలిచ్చింది 9 నెలలు. అంటే ఆరు నెలలు చుక్క పాలు లేకుండా తవుడు, పత్తిచెక్క పెట్టాం. ఎండాకాలంలో గేదె ఎదకొచ్చినా అరవదు. ఆ రోజు కనిపెట్టలేకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అందుకే అమ్మ తెల్లవారుజామునే టార్చిలైటు వేసి తోక కింద తీగ, అంటే ఎదకొచ్చినప్పుడు జారే జిగురు, కనిపిస్తుందేమో చూస్తుంది. నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

తర్వాత వెన్న. పాల కేంద్రంలో మెషిన్ చూపించే వెన్న శాతానికే డబ్బులు. మొదట్లో నేను పితికితే 5.2, అమ్మ పితికితే 6.8. నీళ్లు కలుపుతున్నావా అని అక్కడి కుర్రాడు నవ్వాడు. తీరా చూస్తే, చివర్లో వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. నేను చేతులు నొప్పి పుట్టి ముందే ఆపేసి దూడను వదిలేవాణ్ణి, చిక్కటివన్నీ అది తాగేది. అలాగని మెషిన్ మాటే వేదం కాదు. ఒకే క్యాను పాలు రెండు కేంద్రాల్లో చూపిస్తే ఒకచోట 6.4, ఇంకోచోట 5.9. ఇదేంటని అడిగితే "ఇష్టమైతే పోయండి" అన్నారు.

దూడను అశ్రద్ధ చేయకండి. మాకొకసారి దూడ పోతే గేదె చేపడమే, అంటే పాలు కిందికి వదలడమే, మానేసింది. పుట్టిన పది రోజులకు ఏలికపాముల మందు పోయించి ఉంటే బతికేదేమో.

రెండూ ఒకేసారి ఈనేవి కొనకండి. ఒకటి ఈనింది, ఇంకోటి ఐదారు నెలల చూడిది తీసుకుంటే ఇంట్లో పాలు ఆగవు. పాల గేదెను కొనేటప్పుడు రెండు పూటలా దగ్గరుండి పితికించుకోండి. ఒక పూట పితకకుండా పొదుగు నింపి చూపించడం సంతలో మామూలే.