రిటర్న్ వేశారు సరే, వెరిఫై చేసిందెవరు?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. రోడ్డు వెడల్పు కోసం మా ఖాళీ ఇంటి స్థలాన్ని 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుని, 2023 నవంబరులో రూ.18,60,000 పరిహారం ఇచ్చారు. అందులో రూ.1,86,000 టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టుకున్నారు. అది వెనక్కి వస్తుందంటే 2024 జులై 27న ఇంటర్నెట్ సెంటర్లో ఆదాయపు పన్ను రిటర్న్ వేయించాను. ఇంతవరకు పైసా రాలేదు. ఆ డబ్బును నమ్ముకుని అమ్మాయి పెళ్లికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాను. పోర్టల్లో మూడుసార్లు ఫిర్యాదు చేస్తే, 2025 మార్చి నుంచి ‘వ్యాలిడ్ రిటర్న్ లేదు’ అనే జవాబే వస్తోంది. తొమ్మిది నెలల్లో తేల్చాలని చట్టంలో ఉందట కదా, లాయర్ నోటీసు ఇచ్చి వడ్డీతో సహా రాబట్టవచ్చా? సెంటర్ అబ్బాయి ఐటీఆర్-యు వేస్తే వచ్చేస్తుందంటున్నాడు. చిన్న పెన్షన్ తప్ప నాకు వేరే ఆదాయం లేదు. రిటర్న్ కాపీ జత చేశాను.

జవాబు: మీరు జత చేసింది రిటర్న్ అందినట్టు రసీదు కాదు. పైన పెద్ద అక్షరాల్లో ‘ఇండియన్ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెరిఫికేషన్ ఫారం’ అని ఉంది చూడండి. దీన్నే ఐటీఆర్-వి అంటారు. వెరిఫికేషన్ పూర్తయితే అదే చోట ‘అక్‌నాలెడ్జ్‌మెంట్’ అని వస్తుంది. మీ వ్యవహారమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది. రిటర్న్ అప్‌లోడ్ చేశాక 30 రోజుల్లో, అంటే మీ విషయంలో ఆగస్టు 26లోగా, ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో వెరిఫై చేయాలి. అవి కుదరకపోతే ఆ ఫారం మీద సంతకం పెట్టి రిటర్న్‌లు పరిశీలించే బెంగళూరు కేంద్రానికి (సీపీసీ) స్పీడ్ పోస్టులో పంపాలి. ఈ మూడింటిలో ఏదీ జరగలేదు. చట్టం దృష్టిలో మీరు రిటర్నే వేయలేదు.

కాబట్టి తొమ్మిది నెలల వాదన పనికిరాదు. ఆదాయపు పన్ను చట్టం 143(1) సెక్షన్ ప్రకారం, రిటర్న్ దాఖలైన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోపు ఇంటిమేషన్, అంటే లెక్క తేల్చిన సమాచారం, పంపాలి. దాఖలే కాని రిటర్న్‌కు ఆ లెక్క మొదలవదు. లాయర్ నోటీసుకు పెట్టే ఖర్చు కూడా దండగే. శాఖ మీ డబ్బు ఆపలేదు, అడగవలసిన పద్ధతిలో మీరు అడగలేదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. చదువు రాని మనిషి అయితే వేరు. ‘వ్యాలిడ్ రిటర్న్ లేదు’ అని 2025 మార్చిలో రాతపూర్వకంగా జవాబు వచ్చాక కూడా అదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ పెట్టారు. ఆ జవాబే రేపు మీకు అడ్డం వస్తుంది. అప్పటిదాకా జరిగిన ఆలస్యానికి ‘నాకు తెలియదు’ అంటే చెల్లుతుంది. ఆ తర్వాతి ఆలస్యానికి విడిగా కారణం చూపాలి. ఆసుపత్రి కాగితాలు, సెంటర్ అబ్బాయితో నడిపిన వాట్సాప్ సందేశాలు, ఏవి ఉంటే అవి ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

ఇక ఐటీఆర్-యు. దాని జోలికి పోవద్దు. అది మర్చిపోయిన ఆదాయాన్ని చూపించి అదనపు పన్ను కట్టేవాళ్ల కోసం పెట్టిన రిటర్న్. రీఫండ్ కోరడానికి గానీ, ఉన్న రీఫండ్‌ను పెంచుకోవడానికి గానీ అది చెల్లదని 139(8ఏ)లోనే రాసి ఉంది. అది కాకపోతే ‘ఈ టీడీఎస్‌ను వచ్చే ఏడాది రిటర్న్‌లో వేసేద్దాం’ అనే సలహా వస్తుంది. అది ఇంకా ప్రమాదం. టీడీఎస్ ఏ సంవత్సరపు ఆదాయానిదో ఆ సంవత్సరంలోనే లెక్కలోకి వస్తుంది. మీ పాన్ మీద జమైన టీడీఎస్ చూపే 26ఏఎస్ పట్టికలో 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం (2023-24 ఆదాయాన్ని లెక్కగట్టే ఏడాది) కింద ఉన్న మొత్తాన్ని మరో ఏడాదిలో చూపిస్తే కంప్యూటరే కొట్టేస్తుంది, రీఫండ్ బదులు డిమాండ్ నోటీసు వస్తుంది. తెలిసి తప్పుడు వివరం ఇస్తే ప్రాసిక్యూషన్‌కు 277 సెక్షన్ ఉంది. ‘లోపల మనవాళ్లున్నారు, పది శాతం ఇస్తే చాలు’ అనేవాళ్లూ తగులుతారు. మీ లాగిన్ పాస్‌వర్డ్, ఆధార్ ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వకండి.

మీ క్లెయిమ్‌లో మాత్రం బలం ఉంది. 2013 చట్టం కింద అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ద్వారా గానీ ఒప్పందం ద్వారా గానీ వచ్చిన పరిహారానికి 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. 46వ సెక్షన్ కింద జరిగే ప్రైవేటు కొనుగోళ్లకే ఈ మినహాయింపు వర్తించదు. వ్యవసాయేతర భూమికి కూడా ఈ మినహాయింపు ఉందని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు (సీబీడీటీ) 36/2016 సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. అసలు అలాంటి పరిహారంలో టీడీఎస్ కోయకూడదని ఆదాయపు పన్ను చట్టం 194ఎల్ఏలోనే ఉంది. అయినా భూసేకరణ కార్యాలయాల్లో అలవాటుగా పది శాతం కోసేస్తుంటారు. కోసిన సొమ్ము మీ పాన్ మీద జమ అయ్యాక ఆర్డీవోను అడిగి లాభం లేదు. దారి ఆదాయపు పన్ను శాఖ దగ్గరే ఉంది.

ఆ దారులు రెండు. ఏది పట్టాలో తేలాలంటే ముందు పోర్టల్ నుంచి పూర్తి ఐటీఆర్ ఫారం దించుకుని చదవండి, వెరిఫికేషన్ పేజీ ఒక్కటే చాలదు. పరిహారం రూ.18,60,000ను ఐటీఆర్-2లోని షెడ్యూల్ ఈఐలో, అంటే పన్ను లేని ఆదాయం కింద, చూపించారా? చూపించి ఉంటే మొదటి దారి పట్టండి. లాగిన్ అయ్యి సర్వీసెస్‌లో కండొనేషన్ రిక్వెస్ట్‌కు (ఆలస్యం మన్నించమనే విన్నపం) వెళ్లి, ఐటీఆర్-వి ఆలస్యం అనే రకం ఎంచుకుని, కారణం రాసి పంపండి. ఆమోదం వచ్చాక ఈ-వెరిఫై చేయడం మర్చిపోకండి. ఆమోదంతోనే పని అయిపోయిందనుకుని మళ్లీ అక్కడే ఆగిపోయేవాళ్లున్నారు.

పరిహారం ఎక్కడా చూపకుండా టీడీఎస్ మాత్రం అడిగి ఉంటే, ఆ రిటర్న్‌ను ఇప్పుడు బతికించుకుని చిక్కు తెచ్చుకోకండి. ఆదాయం లేకుండా టీడీఎస్ క్లెయిమ్ చేశారని 139(9) కింద డిఫెక్టివ్ (రిటర్న్‌లో లోపం ఉందనే) నోటీసు రావచ్చు. ఆ ఏడాదికి సరిదిద్దిన (రివైజ్డ్) రిటర్న్ గడువు 2025 జనవరి 15తోనే ముగిసింది. అప్పుడు రెండో దారి, అంటే 119(2)(బి) కింద మీ పరిధిలోని ప్రిన్సిపల్ కమిషనర్‌కు ఆలస్యం మన్నించమని దరఖాస్తు పెట్టాలి. కోటి రూపాయల దాకా క్లెయిమ్‌లను ఆయనే తేల్చవచ్చు. మొదటి దారిలో తిరస్కరించినా ఇదే దారి. 2024 అక్టోబరు 1 నాటి 11/2024 సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడువు. మీకు 2030 మార్చి 31 దాకా ఉంది. ఉంది కదా అని కూర్చోకండి. ఆఫీసులో అధికారి బదిలీ అయితే అవార్డు కాపీ కోసం ఎన్నిసార్లు తిరగాలో తెలియదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, మీ సంవత్సరానికి 1961 చట్టమే వర్తిస్తుంది.

అమ్మాయి పెళ్లి, అప్పు విషయాలు పనికొచ్చే చోటు ఈ దరఖాస్తు ఒక్కటే. కమిషనర్ చూసేది నిజమైన ఇబ్బంది ఉందా, క్లెయిమ్ సరైనదేనా అని. అప్పు గురించి రెండు వాక్యాలు రాసి, ప్రామిసరీ నోటు కాపీ జత చేస్తే చాలు. అసలు బరువు కాగితాల మీద పెట్టండి. అవార్డు సర్టిఫైడ్ కాపీ, అందులో 2013 చట్టం పేరు కనిపించే పేజీ, భూసేకరణ అధికారి ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ (ఫారం 16ఏ), 194ఎల్ఏ కింద మొత్తం కనిపించే 26ఏఎస్, 2023 నవంబరు జమ చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, మీ ఐటీఆర్-వి, ఫిర్యాదులకు వచ్చిన జవాబులు. సెంటర్‌కు ఫోన్‌పేలో డబ్బు కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా. రిటర్న్ వేయించడానికి గడువులోగా మీరు ప్రయత్నించారని చెప్పేది అదే.

వడ్డీ మీద ఆశ వదులుకోండి. వేళకు వెరిఫై చేసి ఉంటే 244ఏ కింద నెలకు అర శాతం, అంటే రూ.930 చొప్పున 2024 ఏప్రిల్ నుంచి వచ్చేది. మీరు కట్టే రెండు రూపాయల వడ్డీకి అది ఏ మూలకూ రాదు, అయినా మీ హక్కే. మన్నింపు మీద వచ్చే రీఫండ్‌కు వడ్డీ ఉండదని 11/2024 సర్క్యులర్‌లోనే రాశారు.

దరఖాస్తును వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలి. కారణం రాయకుండా కొట్టేసినా, మీ మాట వినకుండా తిరస్కరించినా అప్పీలు లేదు, హైదరాబాదులోని హైకోర్టులో రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద రిట్ వేయాలి. అనుకూలంగా ఆర్డర్ వస్తే, రిటర్న్ ఫారంలో 119(2)(బి) ఎంచుకుని ఆర్డర్ నంబరు, తేదీ వేసి దాఖలు చేసి అదే రోజు వెరిఫై చేయండి. ఈలోపు రీఫండ్ జమ కావలసిన బ్యాంకు ఖాతాను పోర్టల్లో ప్రీ-వ్యాలిడేట్ (ముందే ధ్రువీకరణ) చేయించండి. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటే వ్యాలిడేషన్ ఫెయిల్ కావచ్చు, ముందే బ్యాంకుకు వెళ్లి పేరు సరిచేయించుకోండి. పాన్ ఆధార్‌తో లింక్ అయి ఉందో లేదో కూడా ఈ రోజే చూడండి. లేకపోతే ఆర్డర్ వచ్చినా రీఫండ్ విడుదల కాదు.